రేవు దాటిన మాట

అల్లం దంచి మరుగుతున్న టీలో వేయబోతుండగా హాల్లోంచి వరప్రసాద్ గొంతు వినిపించింది.

"శంషాబాద్ ఎయిర్‌పోర్టు. తల్లి ఏళ్ల తరబడి కువైట్‌లో పనిచేసి వస్తోంది. బయట బంధువులు, పిల్లలు. ఆమె ట్రాలీ వదిలేసి పరుగెత్తుకొచ్చి ఒక పిల్లని ఎత్తుకుని ముద్దులు పెట్టేస్తుంది. ఆ పిల్ల గొల్లుమంటుంది. ఎందుకంటే..." ఆయన ఆగాడు. కథ చెప్పేటప్పుడు ఎక్కడ ఆగాలో ఆయనకి బాగా తెలుసు. "ఎందుకంటే, ఆ పిల్ల తన పిల్ల కాదు."

"ఇంటర్వెల్ పడిపోయింది సార్!" అన్నాడు డైరెక్టర్ అరవింద్. ఎవరో చప్పట్లు కొట్టారు.

భువనకి మొదట కలిగింది సంతోషం. తరవాత రోజుల్లో అది తలుచుకుంటేనే ఆమెకి సిగ్గుతో ఒళ్లు ముడుచుకుపోయేది. తను చెప్పిన మాట ఈయనకి గుర్తుంది, ఇంతమంది ముందు పైకి చెప్పేంతగా గుర్తుంది అనిపించి, స్టవ్ ముందు నిలబడి చిన్నగా నవ్వుకుంది కూడా. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే అసలు సంగతి తట్టింది. అది తన మాట కాదు. సువార్తది.

టీ పొంగి స్టవ్ మీద పడింది.

"ఏంటా మాడు వాసన?" అని తన గదిలోంచి అత్తగారు శేషారత్నం అడిగింది. "వాళ్లు అంత పనిలో ఉంటే ఒక్క టీ చూసుకోలేవా భువనా?"

వరప్రసాద్ సినిమా రచయిత. ఫిల్మ్‌నగర్‌లో ఆయనకో ఆఫీసు ఉండేది. "అక్కడ కథ కుదరట్లేదు, ఇంటి వాతావరణం కావాలి" అని కథా చర్చల్ని జూబ్లీహిల్స్‌లో ఇంటి హాల్లోకి మార్చాడు. ఇంటి వాతావరణం అంటే ఏమిటో భువనకి త్వరలోనే అర్థమైంది. పొద్దున పెసరట్లు, ఎండెక్కాక మజ్జిగ, మధ్యాహ్నం అందరికీ భోజనం, సిగరెట్ పీకలు ఎత్తడం, బాత్రూమ్ కడిగించడం, హీరో చెల్లెలు చచ్చిపోవాలా బతకాలా అని వాళ్లు వాదించుకుంటుంటే చప్పుడు కాకుండా ప్లేట్లు తీసుకుపోవడం. "మా ఆవిడ పెసరట్టు తింటే సెకండాఫ్ దానంతటదే వస్తుంది" అనేవాడాయన. అందరూ నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. పెళ్లికి ముందు ఆమె డబ్బింగ్ ఆర్టిస్టు. తెలుగు రాని హీరోయిన్లకి గొంతు ఇచ్చేది. ఆ గొంతు వినే వరప్రసాద్ ఆమెని ఇష్టపడ్డాడు. పెళ్లయిన ఏడాదికి, నిఖిల్ కడుపులో ఉండగా, "నా భార్య గొంతుతో ఇంకెవరో హీరోని ముద్దు చేస్తుంటే వినలేను భువనా" అన్నాడు. అది ప్రేమ అనుకుంది. నిజంగానే అనుకుంది. ఇప్పుడు నిఖిల్ పూణేలో చదువుకుంటున్నాడు. ఆమె గొంతు వంటమనిషితో, డ్రైవర్‌తో, అత్తగారి మోకాళ్ల డాక్టరుతో మాట్లాడటానికి సరిపోతోంది.

సువార్తని ఆమె చూసింది లంకలో.

కిందటి ఏడాది చివర భువన తల్లి పోయింది. కర్మలు పూర్తికాకముందే అత్తగారు ఫోన్ చేసి, "నీ దుఃఖం నీకుంటుంది, కాదనను. ఇక్కడ వంటమనిషి కూరల్లో ఉప్పు ఎక్కువేస్తోంది" అంది. భువన వచ్చేసింది. ఏడుపు గొంతులో ఎక్కడో ఇరుక్కుని ఉండిపోయింది. చూడటానికొచ్చిన సలోమి అది కనిపెట్టింది. సలోమి పాత స్నేహితురాలు, ఇద్దరూ ఒకే మైకు ముందు నిలబడి పని నేర్చుకున్నారు. వెంగళరావు నగర్‌లో ఉంటూ ఇప్పటికీ సీరియళ్లకి డబ్బింగ్ చెబుతోంది. "మా లంకకి రావే, మూడు రోజులు. నువ్వు బొట్టు తీయక్కర్లేదు, మతం మారక్కర్లేదు. ఊరికే కూర్చో. అక్కడ పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఎవరూ మాట్లాడరు" అంది.

"నోరు మూసుకుని కూర్చోవడానికి గోదావరి దాకా వెళ్లాలా?" అంది శేషారత్నం. "ఇక్కడ నిన్ను ఎవరు మాట్లాడమన్నారు? అందులోనూ ఆ కూటాలకి మన ఇంటి కోడలు వెళ్లిందంటే నలుగురూ ఏమనుకుంటారు?"

"వెళ్లి రానీ అమ్మా" అన్నాడు వరప్రసాద్. "ఫ్రిజ్‌లో అన్నీ చేసిపెట్టి వెళ్తుందిలే."

చేసిపెట్టే వెళ్లింది.

నర్సాపురంలో రైలు దిగి, ఆటోలో రేవుకి వెళ్లి, అక్కణ్ణుంచి పడవెక్కాలి. గోదావరి సముద్రంలో కలవబోయే చోట ఉన్న చిన్న లంక అది. కొబ్బరిచెట్లు, సరుగుడు తోట, మధ్యలో సున్నం వేసిన గోడ మీద నీలం రంగుతో "నెమ్మది నిలయం" అని రాసి ఉంటుంది. శారమ్మగారనే రిటైరైన నర్సు పెట్టిన చోటు. కొందరు ఆడవాళ్లు అక్కడే ఉండిపోయి కూరగాయలు పండిస్తూ, ఆవుల్ని చూసుకుంటూ, వచ్చినవాళ్లకి వండిపెడతారు. మిగతావాళ్లు నెలనెలా జరిగే కూటాలకి వచ్చి పోతారు. రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు, టీచర్లు, నర్సులు, ఒక ఎస్సై గారి భార్య. తెల్లవారి గంట కొట్టగానే ప్రార్థన. ఆ తరవాత మధ్యాహ్నం దాకా మౌనం. సాయంత్రం ఇసుకలో చాపలు పరిచి గుండ్రంగా కూర్చుని కంజరతో పాటలు పాడేవాళ్లు. పాటలయ్యాక, చెప్పుకోవలసింది ఉన్నవాళ్లు లేచి నిలబడి సాక్ష్యం చెప్పేవాళ్లు.

మొదటిరోజు భోజనాల దగ్గర భువన అలవాటుకొద్దీ గరిటె అందుకోబోయింది. ఎవరో వెనకనుంచి భుజం మీద చెయ్యి వేసి మెల్లగా కూర్చోబెట్టారు. నల్లగా, పొడుగ్గా, నలభై దాటిన మనిషి. వంట చేసేది ఆవిడే. మాట్లాడకూడని వేళ కాబట్టి ఏమీ అనలేదు. విస్తరి వేసి, వేడన్నం పెట్టి, చింతచిగురు పప్పు వేసి, నెయ్యి వేసి, భువన మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా అక్కడే నిలబడింది. ఆ ముద్దతో పాటే ఇరుక్కున్న ఏడుపంతా బయటికొచ్చింది. అమ్మ పోయాక తనకి వడ్డించిన మనిషి ఆవిడే. ఆవిడే సువార్త. ఆ రోజు నుంచి భువన ఇంటిని మరిచిపోయింది. రెండోరోజు సాయంత్రం కాళ్లు గోదాట్లో పెట్టుకుని కూర్చుని ఉండగా గుర్తొచ్చింది, పొద్దున్నుంచి నిఖిల్ కూడా మనసులోకి రాలేదని. ఎవరిదో సొమ్ము తింటున్నట్టు కంగారుపడి లేచింది. నేనేం తల్లిని అనుకుంది. ఆ మాట ఇంకా మనసులో మెదులుతుండగానే, కూటంలో సువార్త లేచి నిలబడింది.

"నాకు సాక్ష్యం చెప్పడం రాదండీ" అంది సువార్త. "చెప్పకపోతే చచ్చిపోయేలా ఉన్నాను, అందుకు లేచేను. మా అమ్మాయి దీవెనకి రెండేళ్లప్పుడు కువైట్ వెళ్లేను. ఆ ఇంట్లో నూరా అని పిల్లండి. పుట్టిన వారం నుంచి నా ఒళ్లోనే. నన్నే మామా అని పిలిచేది, అంటే వాళ్ల భాషలో అమ్మని. వాళ్లమ్మ కొట్టి మాన్పించింది. దీవెన ఫోటోలు వచ్చేయండి. ముద్దు పెట్టుకుని పెట్లో దాచుకునేదాన్ని. ఆరేళ్లకి తిరిగొచ్చేను. ఎయిర్‌పోర్టులో నూరా ఎత్తున్న పిల్లని చూసి ఎత్తేసుకున్నాను. అది మా తోటికోడలి పిల్ల. దీవెన పక్కనే నిలబడి చూస్తోంది. అందరూ నవ్వేరు. ఇప్పటికీ పెళ్లిళ్లలో చెప్పుకుని నవ్వుతారు. నేనూ నవ్వుతాను."

ఆవిడ గొంతు సవరించుకుంది. మాట రాక, గాలి మింగినట్టు ఒక చప్పుడు చేసింది.

"అసలు సంగతి ఎవరికీ తెలీదండి. నాకు దీవెన మీద ప్రేమ పుట్టలేదు. తల దువ్వేను, బడికి పంపేను, జ్వరమొస్తే పక్కనే కూర్చున్నాను. అక్కడ జీతానికి చేసినవన్నీ ఇక్కడ జీతం లేకుండా చేశాను. ప్రేమ మటుకు ఆ పిల్ల దగ్గరే ఉండిపోయింది. నిద్దట్లో పిలుస్తానంట. 'నూరా అంటే ఏంటమ్మా' అని దీవెన అడిగింది. అరబ్బీలో వెలుగు అని చెప్పేను. అబద్ధం కాదు కదండీ. ఇప్పుడది భీమవరంలో నర్సింగ్ చదువుతోంది. మా అమ్మ తక్కువ మాట్లాడుతుంది, అంతే, అని అందరికీ చెప్తుంది."

ఎవరూ ఓదార్చలేదు. తప్పు అనలేదు, ఒప్పు అనలేదు. పక్కనున్నవాళ్లు జరిగి చోటిచ్చారు, సువార్త కూర్చుంది. శారమ్మగారు, "ఇక్కడ విన్నది రేవు దాటకూడదమ్మా. ఈ చోటికి ఉన్న కట్టుబాటు అదొక్కటే" అంది. అందరితో పాటు భువన కూడా తల ఊపింది.

ఇంటికొచ్చిన మర్నాడు ఆదివారం. వానపడుతోంది. కథా చర్చలు లేవు. బాల్కనీలో కూర్చుని, "ఏం చేశారు అక్కడ మూడు రోజులు?" అని అడిగాడు వరప్రసాద్. ఆమె పడవ గురించి, చింతచిగురు పప్పు గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆయన చూపు వానవైపు పోయింది. ఆ చూపు ఆమెకి తెలుసు. ఇంకో నిమిషంలో "సరే గానీ" అంటాడు. "సరే గానీ" తరవాత ఆమె మాటకి చోటుండదు. అది రాకముందే, "అక్కడ ఒకావిడ..." అంది. ఆయన ఇటు తిరిగాడు. అలా తిరగడం చూసి ఆమె ఇంకొంచెం చెప్పింది. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "తరవాత?" అన్నాడు. ఆ "తరవాత?" కోసం ఆమె అంతా చెప్పింది. ఎయిర్‌పోర్టు చెప్పింది, నిద్దట్లో పిలుపు చెప్పింది, పేరు కూడా చెప్పింది. "ఎంత బాగా చెప్పావు భువనా" అని ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. భర్తకి చెబితే రేవు దాటినట్టా, ఈయన పరాయివాడా అని తనకి తానే సర్దిచెప్పుకుంది. ఆ మాటతో బాగా నిద్రపట్టింది కూడా.

ఇప్పుడు హాలు ఖాళీ అయ్యేదాకా ఆగి, "అది ఆవిడ బతుకండీ, కథ కాదు" అంది.

"కథ కానిది ఏముంది?" అన్నాడాయన చొక్కా మారుస్తూ. "ఎవరో ఊరూ పేరూ లేని మనిషి. ఆవిడకి తెలుస్తుందా ఏమన్నా?"

"ఆవిడ కూతురికి తెలుస్తుంది. ఎయిర్‌పోర్టులో పక్కనే ఉంది ఆ పిల్ల. పేరైనా మార్చండి."

"నూరా..." అని ఒకసారి పలికి చూసుకున్నాడు. "అబ్బే, ఆ శబ్దంలోనే ఉంది అంతా. అయినా నేనేమన్నా తలుపు సందులోంచి విన్నానా? నువ్వే కదా చెప్పావు."

భోజనాల గదిలోంచి శేషారత్నం, "నాలుగు రాళ్లొచ్చే పని చేసుకుంటుంటే అడ్డం పడతావేంటి? ఒక మంచి సీను దొరికిందని వాడు సంతోషంగా ఉన్నాడు" అంది.

ఆ రోజే లంకకి ఫోన్ చేసి ఉండాల్సింది. చేయలేదు. రోజుకి ఎన్ని సినిమాలు మొదలై ఆగిపోవడం లేదు, ఇదీ ఆగిపోతుందేమో అనుకుంది. ఆగలేదు. షూటింగు మొదలైంది. నెలనెలా సలోమి కూటానికి రమ్మని పిలిచేది. అత్తగారి మోకాళ్లు బాలేవని భువన చెప్పేది. ఆ మోకాళ్లని ఆవిడ ఆసరా చేసుకున్నదానికన్నా భువనే ఎక్కువ ఆసరా చేసుకుంది. వంటింట్లో చింతచిగురు కనిపిస్తే పనిమనిషికి ఇచ్చేసేది. ఒకసారి సువార్తే సలోమి ఫోన్లో మాట్లాడి, "ఎలా ఉన్నారండీ? మిమ్మల్ని రోజూ ప్రార్థనలో తలుచుకుంటున్నాను" అంది. "బాగున్నానండీ" అంది భువన. ఆ తరవాత చాలాసేపు కుళాయి తిప్పి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది.

దసరా వెళ్లాక ఒక రోజు వరప్రసాద్ హుషారుగా వచ్చాడు. "తల్లి వేషం వేసిన ఆవిడ ముంబై మనిషి. నలుగురితో డబ్బింగ్ చెప్పించి చూశారు, కుదరలేదు. అరవింద్‌కి నీ పాత సినిమా ఏదో గుర్తొచ్చింది. 'మేడమ్ గొంతే కావాలి సార్' అంటున్నాడు. మన ఇంటి సినిమా, ఇందులో రెమ్యూనరేషన్ లాంటివేం మాట్లాడకు, బాగోదు. ఇంట్లో పనిలాంటిదే అనుకో."

వద్దనాలి. వద్దనే అనుకుంది. కానీ గొంతే కావాలి అన్న మాట దగ్గర ఆమె ప్రాణం లేచొచ్చింది. ఇరవై ఏళ్లుగా ఎవరూ ఆమెని కావాలనలేదు, ఆమె చేసేవి కావాలన్నారు. నేను చెబితే ఆవిడ బాధ కాస్త మర్యాదగా వినిపిస్తుందేమో అని ఒక సాకు దొరికింది. వెళ్లింది.

ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్లో ఆ చీకటి, ఆ చల్లదనం, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకోగానే ముంచుకొచ్చే నిశ్శబ్దం, అన్నీ అలాగే ఉన్నాయి. తెరమీద సీను వచ్చింది. తల్లి పరాయి పిల్లని ఎత్తుకుంది. ఆ తరవాత ఇంట్లో నిద్రలో "నూరా" అని పిలిచింది. భర్త వేషంలో ఉన్న హీరో లేపి చెంప మీద కొట్టాడు. "కన్నకూతురు పక్కనుంటే ఎవర్నే పిలుస్తున్నావు? తల్లివేనా నువ్వు?" అన్నాడు. ఆమె అతని కాళ్ల మీద పడి, "నన్ను క్షమించండి, నేను తల్లిని కాను, రాక్షసిని" అంది. ఆ డైలాగు వరప్రసాద్ రాసింది. భువన మైకు ముందు నిలబడింది. నోరు తెరిచింది. నిద్రలోంచి వచ్చినట్టు ఆ పేరు వచ్చింది. గొంతు సవరించుకోవడం, గాలి మింగినట్టు ఆ చిన్న చప్పుడు, అన్నీ ఆమె అనుకోకుండానే వచ్చాయి. ఒళ్లు మరిచి చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆమెకి ఎంతో హాయిగా ఉంది.

"ఒక్క టేక్‌ల కొట్టేసిండ్రు మేడమ్" అన్నాడు సౌండ్ ఇంజనీర్ కమలాకర్, అద్దం అవతలి నుంచి. కళ్లు తుడుచుకుంటున్నాడు. "ఆ ఊపిరి ఏంది మేడమ్ గట్లొచ్చింది? యాడ నేర్చిండ్రు?"

యాడ నేర్చిండ్రు. భువన హెడ్‌ఫోన్లు తీసి స్టాండుకి తగిలించింది. మాటలు వరప్రసాద్ తీసుకున్నాడు. ఊపిరి మాత్రం తను తెచ్చి ఇచ్చింది. ఎవరూ అడగకుండా ఇచ్చింది. ఆయనకి ఆ మనిషి ఎవరో తెలియదు, తనకి తెలుసు. ఆవిడ తనకి అన్నం పెట్టింది.

మర్నాడు పొద్దున డ్రైవర్ జంగయ్యని ఎయిర్‌పోర్టుకి పోనిమ్మంది.

"సార్‌కు చెప్పిన్రా మేడమ్?" అన్నాడు జంగయ్య. "జర ఫోన్ జేసి చెప్పుండ్రి. నన్ను అడుగుతరు."

"నన్ను అడగమను" అంది భువన.

రాజమండ్రిలో దిగి, కారు మాట్లాడుకుని, రేవు చేరి పడవెక్కేసరికి మధ్యాహ్నమైంది. సువార్త వంటశాల వెనక కొబ్బరి తురుముతోంది. భువనని చూసి ముఖమంతా నవ్వయింది. "వందనాలండీ! ఇన్నాళ్లకి గుర్తొచ్చేమా? ఉండండి, అన్నం పెడతాను."

"వద్దండీ. ముందు నేను చెప్పేది వినండి."

నిలబడే చెప్పింది. ఏదీ దాచలేదు. బాల్కనీ, సీను, చెంపదెబ్బ, కాళ్ల మీద పడటం, తన గొంతు. సువార్త చేతులు తురుము పీట మీద ఆగిపోయాయి.

"పేరు కూడా చెప్పేశారా?"

"చెప్పాను."

"ఎందుకు చెప్పేరు?"

క్షమించండి అనడానికి సిద్ధపడి వచ్చింది భువన. ఎందుకు అని అడుగుతారనుకోలేదు. "ఆయన వింటున్నాడు" అంది. "ఎన్నాళ్లకో నా మాట వింటున్నాడు. అక్కడ ఆపేస్తే మళ్లీ వినడేమోనని..."

సువార్త తురుము పీటని పక్కకి జరిపింది. "నాకూ అంతే కదండీ" అంది. "ఆ రోజు మీరందరూ వింటున్నారనే చెప్పేను. చెప్పకుండా ఉండాల్సింది." లేచి చేతులు కడుక్కుంది. "క్షమించేనని చెప్పమనకండి. ఇక్కడ అందరూ ఆ మాట తేలిగ్గా అనేస్తారు. నాకు రావట్లేదు. ఈ సాయంత్రం కూటంలో మీరు కూర్చోవద్దు."

భువన కూర్చోలేదు. గెస్టు గది గుమ్మంలో ఉండి, సరుగుడు చెట్ల అవతల పాటలు వింది. ఒకరి తరవాత ఒకరు లేచి మాట్లాడుతున్న అలికిడి తెలుస్తోంది, మాటలు తెలియడం లేదు. తెలియకపోవడమే మంచిది అనుకుంది. శారమ్మగారు వచ్చి పక్కన కూర్చుంది, తిట్టలేదు. "దీవెన శనివారం వస్తుంది. సినిమా చెప్పకముందే తనే చెప్పుకుంటానంటోంది సువార్త. నిన్ను అప్పటిదాకా ఉండమంది" అంది.

పొద్దున వరప్రసాద్ ఫోన్ చేశాడు. "ఎక్కడున్నావు? అమ్మకి మందులు ఎక్కడున్నాయో తెలియక ఇల్లంతా వెతికాం. అరవింద్ నీ డబ్బింగ్ విని ఏడ్చేశాడట తెలుసా?"

"ఆ గొంతు తీసేయండి" అంది భువన.

"ఏంటి?"

"నూరా అన్న పేరు సినిమాలో ఉండకూడదు. ఆవిడ రాక్షసినని అనకూడదు. అవి రెండూ మారిస్తే వచ్చి మళ్లీ చెబుతాను. లేదంటే నా గొంతు వాడుకోవడానికి వీల్లేదు."

"రిలీజ్ డేట్ చెప్పేశారు భువనా! నీకేమన్నా పిచ్చా? చెప్పిన డబ్బింగ్ తీసేయమంటే ఎవరు ఊరుకుంటారు?"

"నేను పైసా తీసుకోలేదు. ఒప్పుకున్నట్టు ఎక్కడా సంతకం పెట్టలేదు. ఇంట్లో పనిలాంటిదే అన్నారు మీరు. ఇంట్లో పని మానేస్తున్నాను."

ఆయన అరిచాడు, బతిమాలాడు, అమ్మతో మాట్లాడించాడు. "ఎవరికోసమో మొగుణ్ణి బజారున పెడతావా?" అంది శేషారత్నం. "పెడతానండీ" అంది భువన. ఆ మాట అంత మెల్లగా ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. సాయంత్రానికి అరవింద్ ఫోన్ చేసి, పేరు మారుద్దాం మేడమ్ అన్నాడు. కాళ్ల మీద పడే షాట్‌లో ముఖం కనబడదు కాబట్టి డైలాగు తీసేసి మ్యూజిక్ వేస్తాం అన్నాడు. చెంపదెబ్బ మాత్రం ఉండాల్సిందే, హీరో ఇమేజ్ మేడమ్ అన్నాడు. అది ఆమె మార్చలేకపోయింది.

శనివారం దీవెన వచ్చింది. చేతిలో బ్యాగు, జడలో మల్లెపూలు, అమ్మకంటే పొడుగు. సువార్త భువనని కూడా గదిలోకి రమ్మంది. "ఇన్నేళ్లూ చెప్పనిదానివి ఇప్పుడెందుకు చెబుతున్నావని అడుగుతుందండీ అది. దానికి సమాధానం మీరు చెప్పాలి" అంది. తలుపు వేశారు. వంటశాలలో ఆ పూట వేరేవాళ్లు వండారు. తలుపు తీసేసరికి పొద్దు వాలింది. దీవెన ఒక్కతే బయటికొచ్చి, చెప్పులు లేకుండా ఇసుకలో నడుచుకుంటూ నీళ్ల దాకా వెళ్లి, అటు తిరిగి కూర్చుంది. చీకటిపడే వేళకి సువార్త ఒక గ్లాసుతో టీ తీసుకెళ్లి పక్కన పెట్టి వచ్చేసింది. గ్లాసు చాలాసేపు అలాగే ఉంది. ఆ తరవాత దీవెన దాన్ని అందుకుంది.

భువన మర్నాడు బయల్దేరింది. సువార్త రేవుదాకా రాలేదు. కానీ పడవవాడి చేతికి ఒక క్యారేజీ ఇచ్చి పంపింది. అది క్షమించడం కాదని భువనకి తెలుసు. ఆకలేస్తుందని పంపింది, అంతే. దాన్ని ఒళ్లో పెట్టుకుని రైలు వచ్చేదాకా మూత తీయలేకపోయింది.

హైదరాబాదులో దిగి తిన్నగా ఫిల్మ్‌నగర్ వెళ్లి, పేరు మార్చి డబ్బింగ్ చెప్పింది. ఈసారి ఊపిరి తన సొంతది. అంత బాగా రాలేదని కమలాకర్ ముఖంలో తెలిసింది. ఇది చాలు అంది. అక్కణ్ణుంచే సలోమికి ఫోన్ చేసి, సీరియళ్లలో గొంతులు కావలసినచోట తన పేరు చెప్పమంది. డబ్బులు ముందే మాట్లాడమంది.

ఇంటికి వెళ్లేసరికి వరప్రసాద్ డైనింగ్ టేబుల్ దగ్గర ఉన్నాడు. ఇన్ని రోజులుగా పేరుకున్న కోపం ముఖంలో ఉంది. ఆమె చేతులు కడుక్కుని, కంచం తెచ్చుకుని, ఎవరికీ వడ్డించకుండా తనకి తాను వడ్డించుకుని కూర్చుంది. ఆయన చూస్తూ ఉన్నాడు. కోపం మెల్లగా ఇంకోదానిలోకి మారడం ఆమె గమనించింది.

"అయితే ఆ కూతురికి చెప్పేసిందా ఆవిడ?" అన్నాడు. "ఆ పిల్ల ఏమంది? కొట్టిందా? ఏడ్చిందా? నువ్వక్కడే ఉన్నావుగా." కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. కళ్లలో మెరుపు, గొంతులో మెత్తదనం. ప్రపంచంలో ఆమె తప్ప ఇంకెవరూ లేనట్టు వింటున్నాడు. ఆ ముఖం కోసం ఆమె ఇరవై ఏళ్లు కాచుకుంది. ఇప్పుడు కూడా, ఇంత జరిగాక కూడా, లోపల ఏదో కరిగి నాలుక చివరిదాకా వచ్చింది. అది ఆమెకి తెలిసింది, తెలిసి సిగ్గేసింది.

"తరవాత?" అన్నాడాయన. "చెప్పు భువనా."

"చెప్పను" అంది భువన.